గంట మోగని వార్డు

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఎముకల వార్డు పెద్ద సిస్టరు నిలబడే రెండుసార్లు చదివింది. మొదటి పేజీని నాలుగు మడతలు పెట్టి, మందుల బండి ఊగకుండా దాని కుంటి చక్రం కింద దోపింది. పక్కనున్న నర్సు నోరు తెరిచింది గానీ ఏమీ అనలేదు. ఆ వార్డులో పనిచేసేవాళ్ళకి మొట్టమొదట అబ్బే విద్య అదే.

ఉత్తరంలో ఉన్నదేమిటంటే, నర్సింగులో డాక్టరేటు చేసేవాళ్ళు ఇకమీదట లైబ్రరీలో కూర్చుని థీసిస్ రాస్తే చెల్లదు. ఎనిమిది నెలలు వార్డులో పనిచేయాలి. వార్డులో పుట్టిన ప్రశ్ననే పరిశోధనకి తీసుకోవాలి. కాలేజీ గైడుతోపాటు వార్డు గైడు అని ఇంకొకరు ఉంటారు. ఆ మనిషికి డిగ్రీలు అక్కర్లేదు, పదిహేనేళ్ళ అనుభవం ఉంటే చాలు, కానీ ఆ మనిషి సంతకం లేనిదే థీసిస్ ముందుకు కదలదు. నిపుణుల సంఘం ఏడాదిన్నర కూర్చుని తేల్చిన ఈ పద్ధతికి 'నవీన దిశలు' అని పేరు కూడా పెట్టారు.

"నవీన దిశలట," అంది పెద్ద సిస్టరు. "ఇరవై నాలుగేళ్ళుగా ఇక్కడ నాకు తెలిసిన దిశలు రెండే. ఆ చివర బాత్రూం, ఈ చివర ఆపరేషన్ థియేటరు. మూడోది కనిపెట్టినవాళ్ళకి డాక్టరేటు ఇచ్చేయమను, నేనే సంతకం పెడతా."

డాక్టరేటు నర్సులంటే ఆమెకున్న చులకన ఊరికే పుట్టలేదు. ఏటా ముగ్గురో నలుగురో కాగితాల కట్టలు చంకన పెట్టుకుని వార్డుకి దిగేవాళ్ళు. పనిలో ఉన్న నర్సులని ఆపి ప్రశ్నలు పంచేవాళ్ళు. తర్వాత ఒక గంట పాఠం చెప్పేవాళ్ళు. వారం పోయాక అవే ప్రశ్నలు మళ్ళీ ఇచ్చి, మార్కులు పెరిగాయని రాసుకుని సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని కనుక్కోవడానికి వాళ్ళకి నాలుగేళ్ళు పట్టేది. నేల విడిచి సాము చేసేవాళ్ళని చూస్తే నేల తుడిచేవాళ్ళకి నవ్వు రాదా మరి.

ఉత్తరం రెండో పేజీని మాత్రం ఆమె చక్రం కింద పెట్టలేదు, జేబులో పెట్టుకుంది. ఎముకల వార్డుకి వార్డు గైడుగా ఆమె పేరూ, అక్కడికి కేటాయించిన అభ్యర్థి వివరాలూ అందులో ఉన్నాయి. ఆ అభ్యర్థి ఎవరో కాదు, సాక్షాత్తూ ఆమె తోడికోడలు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. కింద వాటాలో పెద్దవాళ్ళు, పైన చిన్నవాళ్ళు. అత్తగారు కింద తిని పైన పొగిడేది. చిన్నకోడలు నర్సింగ్ కాలేజీలో లెక్చరరు, ఎమ్మెస్సీ చదివింది, ఇంగ్లీషులో ఫోన్లు మాట్లాడుతుంది. పెద్దకోడలిది మూడేళ్ళ డిప్లొమా, ఒంటి నిండా స్పిరిట్ వాసన. "మా చిన్నది డాక్టరవుతోంది" అని అత్తగారు వీధంతా చాటింది. ఎదురింటావిడ ఆ మాట నమ్మి మోకాలి నొప్పికి మందు రాయించుకోవడానికి మేడెక్కితే, చిన్నకోడలు ఆ డాక్టరు వేరు, ఈ డాక్టరు వేరు అని పావుగంట విడమర్చి చెప్పింది. చివరికి ఎదురింటావిడ కిందికి దిగి పెద్దకోడలి దగ్గర కాపడం ఎలా పెట్టుకోవాలో తెలుసుకుని వెళ్ళింది.

తోడికోడలి మీద పెద్ద సిస్టరుకి కోపం లేదు. కోపగించుకోవాలంటే ఎదుటి మనిషికి కొంత బరువు ఇవ్వాలి. పన్నెండేళ్ళుగా ఆ పిల్ల ముట్టుకున్న రోగి కాలేజీ ల్యాబులో ఉన్న ప్లాస్టిక్ బొమ్మ ఒక్కటే. దానికి జ్వరం రాదు, వాంతి అవదు, 'సిస్టర్' అని పిలవదు. అలాంటి రోగితో పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషికి నర్సు అని పేరెందుకో ఆమెకి అర్థమయ్యేది కాదు.

సోమవారం ఉదయం ఏడింటికి తోడికోడలు ఇస్త్రీ నలగని యూనిఫారంలో వచ్చి నిలబడింది.

"వచ్చానక్కా."

"ఇక్కడ అక్కా లేదు, బావగారూ లేరు. సిస్టర్ అని పిలువు."

"సిస్టరన్నా అక్కే కదక్కా," అంది ఆ పిల్ల మెల్లిగా.

అటు తిరిగి ఉన్న నర్సు నవ్వు ఆపుకోలేక గుడ్డల బీరువాలో తల పెట్టింది. పెద్ద సిస్టరు నవ్వలేదు. చెయ్యి చాపింది. తోడికోడలు సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. చేతుల శుభ్రత గురించి నర్సుల అవగాహన మీద నలభై ప్రశ్నలు. పెద్ద సిస్టరు మొదటిది చదివింది, చివరిది చదివింది, మధ్యలోవి చదవలేదు.

"రోగిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలా, వద్దా. ఇదేనా ప్రశ్న?"

"అది మొదటిది."

"వద్దు అని ఎవరైనా రాస్తారా?"

తోడికోడలు తన కాగితాల వైపు చూసుకుంది.

"ఎవరూ రాయరు. అందరికీ తెలుసు. తెలిసీ ఎందుకు కడుక్కోరో తెలుసా? ఆ చివర కుళాయి విరిగి మూడు నెలలయింది. ఎనిమిది నెలలుంటావుగా, ఇవి తీసుకెళ్ళి మీ అత్తగారికివ్వు, పచారీ సరుకులు రాసుకుంటుంది. అటు పద్నాలుగో నంబరు మంచానికి బెడ్‌పాన్ పెట్టు."

తోడికోడలు పెట్టింది. తిరగేసి పెట్టింది. పక్కంతా తడిసింది. రోగే ఆవిడకి ధైర్యం చెప్పాడు.

పదిహేను రోజుల్లో పారిపోతుందని వార్డంతా అనుకున్నారు. పెద్ద సిస్టరు పది అంది. ఆ పిల్ల పారిపోలేదు. రెండో వారానికి పక్క తడవడం మానేసింది. నెల తిరిగేసరికి తుంటి ఆపరేషన్ అయిన మనిషిని ఒక్కతే ఒత్తిగిలించి పక్కగుడ్డ మార్చగలిగింది. అయినా పెద్ద సిస్టరు పెదవి విరుపు తగ్గలేదు. కోతికి కూడా నేర్పిస్తే వస్తుంది అనుకుంది. ఆ పిల్ల పొద్దున పని చేస్తూ కూడా మధ్యమధ్య జేబులోంచి నోటు పుస్తకం తీసి టిక్కు పెట్టేది. పని ముగిశాక ఇంటికి పోకుండా వార్డు చివర ఎత్తు స్టూలేసుకుని, ఆ పుస్తకంలోనే టిక్కులు పెట్టుకుంటూ కూర్చునేది. అదేమిటని ఎవరైనా అడిగితే "ఇంకా ప్రశ్న దొరకలేదు, వెతుకుతున్నా" అనేది. రెండేళ్ళుగా డాక్టరేటు చదువుతున్న మనిషికి ఇంకా ప్రశ్న కూడా దొరకలేదని పెద్ద సిస్టరు కాంటీన్లో నలుగురికీ చెప్పి నవ్వించింది.

ఆ వార్డు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ముప్ఫై రెండు మంచాలు, అందరూ మగవాళ్ళే, అందరికీ ఎక్కడో ఒకచోట ఎముక విరిగింది. ప్రతి మంచం తలాపున ఒక మీట ఉంటుంది. నొక్కితే నర్సుల బల్ల దగ్గర గంట మోగి, బోర్డు మీద ఆ మంచం నంబరు వెలుగుతుంది. మిగతా వార్డుల్లో ఆ గంట రోజంతా పిచ్చికుక్కలా మొరుగుతూనే ఉంటుంది. ఎముకల వార్డులో మోగదు. సర్జను తొమ్మిదింటికి రౌండ్లకి వచ్చేసరికి ముప్ఫై రెండు పక్కలూ బల్లపరుపుగా, మంచాల కమ్మీలు ఎత్తి, మనుషులు పడుకోబెట్టిన కొయ్యల్లా ఉంటారు. "వార్డంటే ఇదీ" అని సూపరింటెండెంటు పై అధికారులని తీసుకొచ్చి చూపించేది. పెద్ద సిస్టరుకి ఉన్న గొప్పంతా ఆ నిశ్శబ్దమే. మనసులో చాలాసార్లు ఆ నిశ్శబ్దాన్ని పతకంలా గుండెకి తగిలించుకుని చూసుకుంది.

నాలుగో నెలలో ఒకరోజు ఎనిమిదీ ఇరవైకి పదకొండో నంబరు దర్జీ తాత పడ్డాడు. తుంటికి ఆపరేషన్ అయి ఆరో రోజు. ఎత్తి ఉన్న కమ్మీ మీంచి కాలు వేసి దిగబోయి, చెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

"గంట ఎందుకుంది?" అని అరిచింది పెద్ద సిస్టరు. "అలంకారానికా? లేస్తే పడతావని రోజూ చెబుతున్నానా, లేదా?"

"నిద్రమత్తు సిస్టర్," అన్నాడు ముసలాయన, చెయ్యి పట్టుకుని. "నాదే పొరపాటు. మీరేం అనుకోకండి."

"నేననుకునేదేముంది, మళ్ళీ కోయించుకునేది నువ్వు."

ఆ సాయంత్రం తోడికోడలు దర్జీ తాత పక్కన చాలాసేపు కూర్చుంది. మర్నాటి నుంచి స్టూలు మీద కూర్చోవడం మానేసి ప్రమాదాల రిజిస్టరు పట్టుకుంది. పెద్ద సిస్టరు రిజిస్టరు బల్ల మీద పడేసి, "చూసుకో, అంతా నా చేతిరాతే, చదవడానికి డిగ్రీ అక్కర్లేదు" అంది. రోగులు పడిపోవడం మీద పరిశోధన చేస్తానని తోడికోడలు చెప్పినప్పుడు, ఇన్నాళ్ళకి ఈ పిల్లకి నేల కనిపించింది అనుకుని కాస్త మెత్తబడింది కూడా. కమ్మీలు సరిగా లేవనో, నేల జారుతుందనో రాస్తుంది. రాస్తే కొత్త కమ్మీలొస్తాయి. అంతకన్నా డాక్టరేటు వల్ల లోకానికి ఒరిగేదేముంది.

ఏడో నెలలో, పెద్ద సిస్టరు సెలవు రోజున, తోడికోడలు మెట్లు దిగి వచ్చి వంటింటి బల్ల మీద అచ్చు కాగితాలు పెట్టింది.

"నాలుగో అధ్యాయం అక్కా. మీరు చదివి సంతకం పెట్టాలి. నేను కాలేజీకి వెళ్ళొస్తా." చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. "మొత్తం చదవండి."

పెద్ద సిస్టరు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. మొదటి పేజీలోనే రెండు తప్పులు దొరికాయి, ప్రాణం లేచొచ్చింది. మూడో పేజీ దాకా ఇదేం భాష, పేషెంటు పడ్డాడు అనడానికి ఇంత కథా అని గొణుక్కుంటూ పోయింది. అయిదో పేజీలో పెన్సిలు ఆగింది.

అయిదు నెలల్లో ఎనిమిదిమంది పడ్డారు. అందులో ఆరుగురు ఏడున్నరకీ తొమ్మిదికీ మధ్య పడ్డారు. అది రౌండ్లకి ముందు పక్కలు సర్దే వేళ. ఆ ఆరుసార్లూ డ్యూటీలో ఉన్నది వార్డు ఇన్‌చార్జి, అంటే తనే. నోటు పుస్తకంలో టిక్కుల లెక్కన, ఆమె ఉన్న రోజుల్లో ఉదయం పూట గంట సగటున నాలుగుసార్లు మోగింది. ఆమె సెలవులో ఉన్న రోజుల్లో పంతొమ్మిదిసార్లు. ఆ రోజుల్లో ఉదయం ఒక్కరూ పడలేదు. తర్వాతి పేజీలో రోగుల మాటలు, పేర్లు లేకుండా. 'గంట కొడితే, ఇప్పుడే రావాలా నీకు, డాక్టరుగారొచ్చే వేళ అంటారు.' 'ఒకసారి కొట్టాను. మంచినీళ్ళకి. ఇంకెప్పుడూ కొట్టలేదు.' దర్జీ అని రాయలేదు గానీ ఆ కింద మాట ఆయనదేనని ఎవరైనా చెప్పగలరు. 'ఆవిడ ముఖం చూడటం కంటే నేల చూడటమే నయమనిపించిందమ్మా.'

ఆమె కాగితాలు బోర్లించింది. లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

అత్తగారు వంటింట్లోకి వచ్చి, "చిన్నది ఏం రాసిందే? నాకూ చదివి వినిపించు" అంది.

"పడిపోయినవాళ్ళ గురించి," అంది పెద్దకోడలు.

నాలుగు రోజులు ఆమె తోడికోడలితో మాట్లాడలేదు. మేడ మీంచి అడుగుల చప్పుడు వినిపిస్తే పంపు తిప్పేది. ఇంట్లో ఉప్పు తిని వార్డులో గొయ్యి తవ్వింది అనుకుంది. ఏడు నెలలు నర్సు వేషం కట్టి ఇరవై నాలుగేళ్ళ పనికి మార్కులు వేస్తుందా? ముప్ఫై రెండు మంచాలకి ముగ్గురు నర్సులని ఇచ్చినవాడి మీద రాయదేం? సర్జను వచ్చేసరికి ఒక్క పక్క నలిగి ఉంటే ఎన్ని మాటలు పడాలో రాయదేం? ఇవన్నీ నిజాలే. ఎన్నిసార్లు అనుకున్నా నిజాలే. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వార్డులో నడుస్తుంటే ఆమె చూపు మాటిమాటికీ రోగుల తలాపున ఉన్న మీటల మీదికే పోయేది. కొన్నింటి మీద దుమ్ముంది.

అయిదో రోజు ఉదయం ఎనిమిదింటికి ఇరవై రెండో నంబరు పక్క సర్దడానికి తనే వెళ్ళింది. అక్కడున్నది లారీ డ్రైవరు. కాలికి ఇనప చట్రం. గొంతెత్తితే పక్క వార్డుకి వినిపించే మనిషి. ఆ పూట నోరు మెదపకుండా దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు.

"దుప్పటి తీయి."

"బాగానే ఉంది సిస్టర్. తర్వాత సర్దుదురుగాని."

ఆమె దుప్పటి లాగింది. పక్క తడిసి ఉంది. అప్పుడే తడిసింది కాదు. అంచులు ఆరి పసుపు గీత కట్టింది. తెల్లవారిన దగ్గర్నుంచి అలాగే పడుకుని ఉన్నాడు.

"గంట కొట్టలేదేం?"

"అబ్బే, మీరు పనిలో ఉన్నారు కదా సిస్టర్." ముగ్గురు పిల్లల తండ్రి, ఊళ్ళు ఊళ్ళు లారీ తోలే మనిషి, గోడ వైపు తిరిగి అన్నాడు. "ఇప్పుడే అయింది."

ఆమె నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా అలాంటి సమయానికి వచ్చే మాటే. అది నోటి దాకా వచ్చి అక్కడ చేదుగా ఉండిపోయింది. నీళ్ళు తెచ్చి అతని ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది. ఆ పని చేస్తున్నంతసేపూ అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. దెబ్బ కోసం ఎదురుచూసే పిల్లాడిలా ఉన్నాడు. ఆ ముఖం ఆమెకి తెలిసిన ముఖమే. రోజూ ముప్ఫై రెండు మంచాల మీదా అదే చూస్తోంది. దానికే ఇన్నాళ్ళూ క్రమశిక్షణ అని పేరు పెట్టుకుంది.

మధ్యాహ్నం గుడ్డల గదిలో దుప్పట్లు లెక్కపెడుతున్న తోడికోడలి వెనకాలే వెళ్ళి తలుపేసింది.

"నా సంతకం లేకపోతే ఏమవుతుంది?"

తోడికోడలు దుప్పట్లు కింద పెట్టింది. "ఆ అధ్యాయం పోతుంది. కాలేజీ గైడు మేడం తీసేయమనే అంటోంది. వార్డు వాళ్ళతో మనకెందుకమ్మా తగువు, ఆ చేతుల శుభ్రత ప్రశ్నలు పంచెయ్యి, దానికైతే మీ వార్డు గైడూ సంతకం పెడుతుంది, మూడు వారాల్లో లెక్కలు తేలతాయి, ఏ గొడవా లేకుండా డాక్టరేటు వస్తుంది అంది."

"నువ్వేమన్నావు?"

"అక్కని అడిగి చెబుతానన్నా."

"అక్క ఒప్పుకోదని తెలుసుగా."

"తెలుసు." ఆ పిల్ల చూపు దించలేదు. "మీరు ఒప్పుకోకపోతే ఆ నలభై ప్రశ్నలే పంచుతాను. నాకు ధైర్యం లేదక్కా. ఇల్లు ఒకటి కదా మనది."

పెద్ద సిస్టరు అల్మారా వైపు తిరిగింది. సంతకం పెట్టకపోతే తన నిశ్శబ్దం తనకే ఉంటుంది. చేతులు కడుక్కోవాలని నర్సుల్లో నూటికి తొంభైఆరుమందికి తెలుసని ఇంకొక లావుపాటి పుస్తకం లైబ్రరీకి చేరుతుంది. దాని మీద తన పేరు కూడా వార్డు గైడు అని అచ్చవుతుంది. కాంటీన్లో తనే నవ్వుకున్న పుస్తకాల వరసలో, అట్ట వేసి మరీ. ఆ ఊహ ఆమెకి తడిసిన పక్క కంటే రోతగా తోచింది.

"చేతులు కడుక్కోవాలి అని రాసి డాక్టరవుతావా? సిగ్గు లేదూ?" అంది. "ఇలా ఇవ్వు పెన్ను."

చంకన ఉన్న అచ్చు కాగితాలు గోడకి ఆనించి సంతకం పెట్టింది. పెట్టాక అయిదో పేజీ తీసి ఎనిమిది అన్న అంకె కొట్టేసింది.

"అక్కా, అది రిజిస్టరు లెక్క."

"రిజిస్టరు రాసేది నేనే కదా. పదిమంది పడ్డారు. ఇద్దరికి దెబ్బ తగల్లేదు, రాయలేదు. ఆ ఇద్దరూ కూడా ఎనిమిదిన్నరకే." పెన్ను తిరిగిచ్చింది. "లెక్క తప్పు పెట్టకు. మీవాళ్ళకి వచ్చేదే అదొక్కటి."

మౌఖిక పరీక్ష యూనివర్సిటీ పెద్ద హాల్లో జరిగింది. ముగ్గురు పరీక్షకులు, ముందు వరసలో కాలేజీ గైడు మేడం. వార్డు గైడుకి కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. పెద్ద సిస్టరు వెనక గోడ దగ్గర మడత కుర్చీ తనే విప్పుకుని కూర్చుంది. ఇంత మంది చదువుకున్నవాళ్ళని ఒక్కచోట ఆమె ఎప్పుడూ చూడలేదు. అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి.

మొదటి పరీక్షకుడు పావుగంటసేపు థీసిస్ పేజీలకి అంచులు వదిలిన కొలత గురించి మాట్లాడాడు. రెండో ఆవిడ, పదిమంది పడితే అది పరిశోధనకి సరిపోదు, కనీసం వందమంది పడి ఉండాల్సింది అంది. వెనక కుర్చీలో పెద్ద సిస్టరు నవ్వు దగ్గుగా మార్చుకుంది. మూడో ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇది పరిశోధనా, చాడీలా? ఒక హెడ్ నర్సు ముఖం బాగాలేదని రోగులు చెబితే అది శాస్త్రం అవుతుందా? ఆవిడకీ మీకూ ఏదో పడదని రేపు ఎవరైనా అంటే ఏం చెబుతారు?"

తోడికోడలు ముందు వరస వైపు చూసింది. గైడు మేడం ఒళ్ళో ఉన్న కాగితాల్లోకి చూస్తూ కూర్చుంది. ఆ సమయంలో ఆ కాగితాలంత ముఖ్యమైనవి ఆవిడకి జీవితంలో ఇంకేవీ లేనట్టు.

"పడదన్న మాట నిజమేనండి," అంది పెద్ద సిస్టరు వెనకనుంచి.

ముగ్గురూ తలెత్తారు. "మీరెవరు?"

"ఆ ముఖం నాదే." లేచి నిలబడింది. "వార్డు గైడుని. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నాకు ఈ అమ్మాయంటే గిట్టదు. అయినా లెక్క సరిగ్గానే ఉంది. ఇద్దరిని నేను దాచాను, ఆ మాట కూడా రాసింది, చూసుకోండి. నా ముఖం చూసి మీట నొక్కడానికి భయపడి, లేచి పడినవాళ్ళలో ఒక దర్జీ ఉన్నాడు, ఇప్పుడు ఆయన బొత్తాం కూడా పెట్టుకోలేడు. ఇది చాడీ అయితే చాడీయే అనుకోండి. మీ లైబ్రరీలో ఉన్న శాస్త్రం చదివి నేను ఒక్కరోజు కూడా తలదించుకోలేదు."

అంచుల పరీక్షకుడు నీళ్ళు తాగాడు.

డాక్టరేటు ఇచ్చారు. ఇవ్వకపోవడానికి నిబంధన దొరకలేదు.

నెల తిరక్కముందే హాస్పిటల్ నుంచి పెద్ద సిస్టరుకి మెమో వచ్చింది. రెండు ప్రమాదాలు రిజిస్టరులో ఎందుకు నమోదు చేయలేదో సంజాయిషీ ఇవ్వమన్నారు. 'సిగ్గుపడి' అని ఒక్క మాట రాసి పంపింది. పై అధికారులని తీసుకొచ్చి ఆ వార్డు చూపించిన సూపరింటెండెంటే ఆమెని ఇన్‌చార్జి నుంచి తప్పించి, బయటి రోగులకి కట్లు కట్టే గదికి మార్చింది. ముగ్గురు నర్సులు అలాగే ముగ్గురే ఉన్నారు. యూనివర్సిటీవాళ్ళు మరుసటి ఏడు వార్డు గైడు పద్ధతిని 'ఆచరణలో ఎదురైన ఇబ్బందుల దృష్ట్యా' ఎత్తేశారు. నవీన దిశలు అన్న పేరు మాత్రం ఉంచుకున్నారు, పుస్తకం అట్ట మీద బాగుందని.

తోడికోడలు కింది వాటాకి వచ్చి ఏడ్చింది. తన వల్లే ఇదంతా అంది. కాలేజీలో సగం రోజులు మానుకుని ఎముకల వార్డులో పనిచేస్తానని అర్జీ పెడితే, డాక్టరేటు చేసింది బెడ్‌పాన్లు మొయ్యడానికా అని ప్రిన్సిపాలు నవ్విందని చెప్పింది.

"మళ్ళీ పెట్టు," అంది పెద్దకోడలు. "ఏడిస్తే అర్జీ తడుస్తుంది. అంతే."

కట్ల గది చిన్నది. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, బయట వసారా పొడవునా వరస. అక్కడికి వచ్చిన మొదటి వారంలోనే, వేడి నూనె పడి ముంజేయి కాలిన ఒకావిడ వచ్చి కూర్చుంది. పాత కట్టు పుండుకి అతుక్కుపోయింది. సెలైనుతో తడుపుతూ లాగాలి.

"నొప్పెడుతుందా సిస్టర్?"

లేదని చెప్పి ఒక్క గుంజు గుంజడం పెద్ద సిస్టరు పద్ధతి. రెండు క్షణాల్లో అయిపోతుంది, వరస కదులుతుంది.

"పెడుతుంది," అంది. "ఆపమంటే ఆపుతా."

ఆవిడ నాలుగుసార్లు ఆపమంది. నాలుగుసార్లూ ఆపింది. మూడోసారికి వసారా వరసలోంచి ఇంకొకావిడ ఎంతసేపమ్మా అని విసుక్కుంది. పెద్ద సిస్టరు తలుపు తీసి, ఆ మనిషిని పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, తలుపు మళ్ళీ వేసి స్టూలు మీద కూర్చుంది.

"బయటావిడ సంగతి వదిలెయ్యమ్మా," అంది, సెలైను సీసా అందుకుంటూ. "నువ్వు చెప్పు. లాగనా?"